కుడివైపు కింది మూల

రాహేలు గుమ్మం బయట చెప్పులు విప్పుతుంటే సుబ్బలక్ష్మి వంటింట్లోంచి చూసింది. తల్లి పోయాక ఆమె ఈ ఇంటికి రావడం ఇదే మొదలు. అందులోనూ ఆదివారం, చర్చికి వెళ్లే వేళ. పప్పు కింద మంట తగ్గించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ సుబ్బలక్ష్మి ముందు గదిలోకి వచ్చింది.

తార్నాకలో వాళ్లది కింది అంతస్తు ఫ్లాటు. ముందు గదే స్టూడియో. ఒక మూల నీలం తెర, గొడుగు దీపాలు. ఇంకో మూల కంప్యూటరు, దాని ముందు రెండు స్టూళ్లు. ఒకటి మా ఆవిడది, రెండోది రాహేలు గారిది అని సుబ్బలక్ష్మి భర్త కొండలరావు వచ్చినవాళ్లందరికీ చెబుతుంటాడు. ఇవాళ రాహేలు తన స్టూలు మీద కూర్చోలేదు. కాఫీ వద్దంది. సంచిలోంచి పసుపుపచ్చ కవరు తీసి కీబోర్డు పక్కన పెట్టింది.

"ఇది చూడు" అంది.

ఆ కవరు సుబ్బలక్ష్మికి తెలుసు. మొన్న రాహేలు తమ్ముడు రత్నాకర్ వస్తే తన చేత్తోనే ఇచ్చింది. ముషీరాబాద్‌లో ప్రింట్లు వేసే షాపు నుంచి ఎలా వచ్చిందో అలాగే, అంటించిన అంచు ఊడదీయకుండా.

పైన ఉన్న ఫోటో తీసింది. సీతాఫల్‌మండిలో వాళ్ల ఇంటి ముందు షామియానా. శవపేటికను అడ్డంగా పెట్టి, తల వైపు కొంచెం ఎత్తారు. వెనక కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, మనవలు. అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. ఎవరో ఒక పిల్లవాణ్ణి ఎత్తుకుని తాతమ్మను చూపిస్తున్నారు. పేటిక తలవైపు, ఫోటోకి కుడివైపు కింది మూలలో, రాహేలు తల్లి అమృతమ్మ ముఖం ఉండాల్సిన చోట పసుపుపచ్చ సూర్యుడున్నాడు. బుగ్గలతో, పళ్లతో నవ్వుతున్నాడు. కింద ఎర్రటి అక్షరాలు: "శశి డిజిటల్స్, తార్నాక. ఇలాగే నవ్వుతూ ఉండండి."

రెండో ఫోటో తీసింది. అక్కడా అదే. మూడోది తియ్యడానికి చెయ్యి రాలేదు.

రాహేలు గొంతు పెంచలేదు. ఇంట్లో పెద్ద గొడవ అయిందనీ, చిన్న చెల్లెలు ఫోటోలు విసిరికొట్టిందనీ, రత్నాకర్ స్టూడియో మీదికి బయల్దేరితే తానే ఆపిందనీ చెప్పింది.

"సుబ్బలక్ష్మి దగ్గర కూసొని చేస్తనన్నది, చేసే ఉంటదని మావోళ్లకు చెప్పిన. ఆఖర్ల మెషినే ఏదో ఖరాబు చేసింది, ఆమె తప్పు గాదని చెప్పిన. గంతేనా?"

* * *

దగ్గర కూర్చుని చేస్తానని సుబ్బలక్ష్మి అన్న మాట నిజమే. అంత్యక్రియల రోజు సీతాఫల్‌మండి సందు మొదట్లో నిలబడి అంది. కొండలరావు కెమెరా పట్టుకుని లోపలికి వెళ్లాడు. ఆమె మటుకు సందు మలుపు దగ్గరే ఆగిపోయింది. రాహేలే బయటికి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఏం చెప్పాలో తోచక, ఫోటోలు ఇంకెవరి చేతిలో పెట్టను, నేనే దగ్గర కూర్చుని చేస్తాను అంది. అమృతమ్మకు బతికున్నంతకాలం ఫోటో అంటే గిట్టేది కాదు. ఓటరు కార్డు మీద ఉన్నది చూస్తే కూతుళ్లే గుర్తుపట్టరు. ఇక మిగిలేవి ఈ ఫోటోలే అని రాహేలు అప్పుడు చెప్పింది.

వాళ్ల స్నేహం క్యాంపస్‌లో మొదలైంది. యూనివర్సిటీ వాళ్లు ఆడవాళ్ల కోసం ఆదివారం మధ్యాహ్నాలు కంప్యూటర్ క్లాసు పెట్టారు. రెండువేల సంవత్సరం వస్తోందని తార్నాక అంతటా వైటూకే కంప్యూటర్ కోర్సుల బోర్డులు వేలాడుతున్న రోజులు. ఒక్కో మిషను ముందు ఇద్దరేసి కూర్చోవాలి. స్టూడియో పని నేర్చుకుందామని సుబ్బలక్ష్మి వెళ్లింది. అక్కడి లైబ్రరీలోనే పని చేసే రాహేలు ఆమె పక్కన కూర్చుంది. అమృతమ్మ కూతురికి అన్నం డబ్బా కట్టి పంపేటప్పుడు పక్కన కూర్చునే బిడ్డకని ఇంకో డబ్బా కూడా పంపేది. మొదటి వారం ఇవాళ ఉపవాసం అంది సుబ్బలక్ష్మి. రెండో వారమూ ఉపవాసమే అంది. ఆ మరుసటి వారం నుంచి రెండో డబ్బాలో కోసిన జామపండ్లు, ఉప్పుకారం పొట్లం వచ్చాయి. సుబ్బలక్ష్మి ఆ పండ్లు తింది. క్లాసు అయిపోయేదాకా అలా తింటూనే ఉంది.

కోర్సు అయ్యాక కొండలరావు ఫ్లాపీలో ఫోటోలు దాచే కెమెరా కొన్నాడు. రీలు ఖర్చు లేదు. క్యాంపస్‌లో హాస్టల్ డేలు, ఫేర్‌వెల్‌లు, సెమినార్లు అన్నీ తానే తీసేవాడు. ప్రతి ఫోటో మీదా మన పేరుంటే ఆల్బం చూసినవాళ్లంతా మన దగ్గరికే వస్తారని సూర్యుడి బొమ్మ గీయించాడు. దాన్ని ఒక్కో ఫోటో మీదా పెట్టడం సుబ్బలక్ష్మి పని. ఫోటో తెరవాలి, వెలుగు పెంచాలి, సైజు మార్చాలి, బొమ్మను తెచ్చి మూలలో అమర్చాలి, సేవ్ చెయ్యాలి, మూయాలి. మళ్లీ ఇంకోటి. ఒక్కో ఫంక్షనుకు మణికట్టు వాచిపోయేది.

దారి చూపించింది రాహేలే. లైబ్రరీలో పాత ఫోటోలు స్కాన్ చేసి, వాటి మీద లైబ్రరీ ముద్ర వేసే పని ఆమెకు అప్పగించారు. చేసిన పనినే మళ్లీ మళ్లీ చెయ్యలేక ఆమె ఆ సాఫ్ట్‌వేర్ పుస్తకం తిరగేసింది. మనం ఒక ఫోటో మీద చేసే పనులన్నీ అది గుర్తుపెట్టుకుంటుందనీ, తర్వాత ఫోల్డరు చూపించి వదిలేస్తే ఉన్న ఫోటోలన్నిటికీ అదే చేసుకుపోతుందనీ కనిపెట్టింది. ఒక సాయంత్రం వచ్చి సుబ్బలక్ష్మి కంప్యూటర్లో అదంతా అమర్చిపెట్టింది. ఫోటోలు వాటంతటవే తెరుచుకుని, మూలలో సూర్యుణ్ణి పెట్టించుకుని మూసుకుపోతుంటే ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వారు. వంట చేసుకుంటూ స్టూడియో నడుపుతున్నానని ఆ తర్వాత సుబ్బలక్ష్మి అందరికీ చెప్పుకుంది.

ఆ రోజు రాహేలు వెళ్తూ వెళ్తూ ఒక మాట అంది. "అది చేస్తది గని చూడదు. అయినంక ఒక్కొక్కటి తెరిచి నువ్వే చూసుకోవాలె."

అమృతమ్మ ఫోటోలు కంప్యూటర్లోకి ఎక్కించి, హాస్టల్ ఫంక్షనుకు కావాలని కొండలరావు ఫ్లాపీలు తుడిచేసుకున్నాడు. వీటికి సూర్యుడు వద్దు సుమా అని చెప్పే వెళ్లాడు. సూర్యుడు లేకుండా చెయ్యాలంటే ఒక ఫోటో తెరిచి, దాని మీద మళ్లీ మొదటినుంచీ చేసి కంప్యూటరుకు నేర్పాలి. శుక్రవారం పొద్దున తలంటుకుని, దీపం పెట్టి, సుబ్బలక్ష్మి స్టూలు మీద కూర్చుంది. ఫోల్డరు తెరిచింది. అందులో అన్నీ పేర్లే, బొమ్మలు కనిపించవు. మొదటి పేరు మీద బాణం పెట్టింది. నొక్కలేకపోయింది.

సాయంత్రం చేద్దామనుకుంది. సాయంత్రం రేపు అనుకుంది. రేపు అనుకుంటూ ఉండగానే చెయ్యి అలవాటైన చోటికి పోయింది. ఫోల్డరు చూపించింది. మామూలు పనినే నొక్కింది. తెర మీద ఫోటోలు తెరుచుకునే లోపల లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. సూర్యుడి సంగతి ఆ క్షణాన గుర్తులేదని తర్వాత తనకు తాను చెప్పుకుంది. గుర్తుందో లేదో ఆమెకే తెలియదు. తిరిగొచ్చేసరికి పని పూర్తయిపోయి తెర ఖాళీగా ఉంది. పాత ఫోటోల మీదే కొత్తవి సేవ్ అయ్యాయి. మర్నాడు వాటిని ముషీరాబాద్ పంపింది. కవరు వచ్చాక విప్పలేదు.

* * *

"గంతేనా?" అని రాహేలు మళ్లీ అడిగింది.

సుబ్బలక్ష్మి నోరు విప్పేలోగా, కౌంటరు దగ్గర లెన్సు తుడుచుకుంటున్న కొండలరావు లేచి వచ్చాడు. ఫోటో చూసి ఆయన ముఖం పాలిపోయింది. ఇలాంటి ఫోటోలకు లోగో వెయ్యకూడదండీ, ఘోరం జరిగింది, క్షమించండి అన్నాడు. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. రాహేలు అలాగే నిలబడి ఉండేసరికి ఇంకేదో చెప్పాలనిపించింది ఆయనకు.

"మా అమ్మకు పట్టింపులండీ. దీపం పెట్టిన ఇంట్లో ఇలాంటివి తెరవనివ్వదు. అందుకని ఈవిడ చూడకుండానే పంపేసింది."

రాహేలు సుబ్బలక్ష్మి వైపు తిరిగింది. ఆ మాట అబద్ధమని సుబ్బలక్ష్మికి తెలుసు. అయినా కాదనలేదు. అత్తగారి వెనక కాసేపు దాక్కోవచ్చు అనిపించింది.

అత్తగారు వైదేహి చేతిలో దూదివత్తుల పళ్లెంతోనే లోపలి గదిలోంచి వచ్చింది.

"మధ్యలో నా పేరెందుకురా కొండలరావూ? మొన్నటిదాకా నేను మల్కాజిగిరిలో మీ అక్క దగ్గరున్నాను. ఈ ఫోటోల సంగతే నాకు తెలియదు."

అంటూనే కళ్లజోడు సవరించుకుని బల్ల మీదికి వంగింది. చాలాసేపు చూసింది. "ఈవిడేనా అమ్మాయ్, నీకు జామపండ్లు పంపే ఆవిడ?" అని అడిగింది. ఆమె పళ్లెం పట్టుకుని వచ్చిన దారినే లోపలికి వెళ్లిపోయింది.

"నువ్వు చూడలేదా లక్ష్మీ?" అంది రాహేలు.

"చూడలేదు."

"ఒక్కటి గూడ?"

సుబ్బలక్ష్మి తల అడ్డంగా ఊపింది.

రాహేలు గోడ వైపు చూసింది. అక్కడ గంధపు దండ వేసిన మామగారి ఫోటో ఉంది. నిరుడు ఆయన పోయినప్పుడు, పాడె కట్టక ముందు కొండలరావు తీసిన ఫోటో అది. ముక్కులో దూది, గడ్డం కింద కట్టిన గుడ్డ చెరిపేసి, మూసుకున్న కళ్ల స్థానంలో పాత పెళ్లి ఫోటోలోంచి తీసిన కళ్లు అతికించి, బతికున్న మనిషిలా తయారుచేసింది సుబ్బలక్ష్మే. దానికి ఒక పగలంతా పట్టింది. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు.

"మీ మామగారి కండ్లు నువ్వే తెరిచినవ్. ఆయన మొఖం మీదనే పొద్దుగూకేదాంక కూసున్నవ్. నేను గీ స్టూలు మీదనే ఉన్న" అంది రాహేలు. నేల వైపు చూస్తూ అడిగింది. "శవమని చూడలేదా? మా అమ్మ అని చూడలేదా?"

కొండలరావు కౌంటరు దగ్గరికి వెనక్కి నడిచాడు. సుబ్బలక్ష్మి నిలబడే ఉంది. తనకు తెలియదని చెబుదామనుకుంది. అసలు జవాబు నాలుక చివరిదాకా వచ్చి ఉంది కాబట్టే తెలియదన్న మాట బయటికి రాలేదు. లోపల పప్పు మాడుతున్న వాసన వస్తోంది, అయినా కదల్లేకపోయింది.

సుబ్బలక్ష్మి ఫోటోలు తిరిగి కవరులో పెట్టింది. తాను ఇప్పుడే సీతాఫల్‌మండి వస్తాననీ, రత్నాకర్‌కూ చెల్లెళ్లకూ జరిగింది జరిగినట్టు చెప్పి కాళ్ల మీద పడతాననీ అంది. చెబుతుంటే ఊపిరి కొంచెం తేలికపడింది.

"వద్దు" అంది రాహేలు. "మెషిన్ అని చెప్పిన, గట్లనే ఉండనియ్యి. మా అమ్మ మొఖం చూడనీకె నీకు మనసొప్పలేదని తెలిస్తే వాళ్ల పానం ఏమైతదో నీకు తెల్వదు. నాకు తెలుసు, సాలు. నీ మనసు హల్కా చేసుకునేతందుకు మావోళ్లకు చెప్పకు."

అప్పుడు స్టూలు లాక్కుని కూర్చుంది. వచ్చే ఆదివారం జ్ఞాపకార్థ కూడిక ఉందనీ, బల్ల మీద పెట్టడానికి ఒక ఫోటో కావాలనీ చెప్పింది. "దిద్దొస్తదా?" అని అడిగింది.

సుబ్బలక్ష్మి కంప్యూటరు ఆన్ చేసింది. లోపల అత్తగారు పొయ్యి ఆర్పిన చప్పుడైంది.

ఒక్కొక్కటే తెరువు అంది రాహేలు. సుబ్బలక్ష్మి తెరుస్తూ పోయింది. షామియానా, పేటిక, సూర్యుడు. ప్రార్థన చేస్తున్న పాస్టరు, పేటిక, సూర్యుడు. రాహేలు పేటిక మీద తల వాల్చి ఏడుస్తున్న ఫోటో వచ్చింది. ఇలాగే నవ్వుతూ ఉండండి అన్న అక్షరాలు ఆమె చేతి మీద పడ్డాయి. సుబ్బలక్ష్మి దాన్ని గబుక్కున మూయబోయింది. ఉండనియ్యి అంది రాహేలు. ఇద్దరూ చూశారు.

కెమెరా నిలువుగా తిప్పి తీసిన ఫోటో ఒకటి దొరికింది. అందులో తల పైన ఉంది, సూర్యుడు కింద పూలదండల మీద పడ్డాడు. అమృతమ్మ ముఖం పూర్తిగా కనిపించింది. ఆ ముఖాన్ని తెచ్చి కుటుంబమంతా ఉన్న ఫోటోలో, సూర్యుడూ అక్షరాలూ ఉన్న చోట పెట్టాలి. సుబ్బలక్ష్మి దాన్ని పెద్దది చేసింది. తెర నిండా వచ్చింది. నుదుటి మీద చిన్ననాటి పచ్చబొట్టు చుక్క. పెదవి పక్కన పుట్టుమచ్చ. ముక్కుల్లో దూది. ఎవరో శ్రద్ధగా దువ్విన పాపిట. ఎప్పుడో పోగులు తీసేసిన చెవి రంధ్రాలు. ఈమె తనను ఒక్కసారే చూసింది, క్యాంపస్ గేటు దగ్గర. డబ్బా అందిస్తూ, బక్కగున్నవ్ బిడ్డా అంది. ఇంత దగ్గరగా అప్పుడు ఆమె ముఖం చూడలేదని సుబ్బలక్ష్మికి ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు చూసింది డబ్బానే.

అంచులు కత్తిరించింది. వాలు సరిచేసింది. చెవి దగ్గర జుట్టు కలవడం లేదు, మళ్లీ మళ్లీ చేసింది. దూది చెరపడానికి చెయ్యి వెళ్లి ఆగింది. కళ్లు తెరవనా అని మెల్లగా అడిగింది.

"వద్దు. ఉన్నట్టె ఉంచు."

పని అయ్యేదాకా రాహేలు తన స్టూలు మీదే ఉంది. అయ్యాక, తెర మీది ముఖాన్ని కాసేపు చూసి, లేచి చెప్పులేసుకుంది. ఎప్పటిలా మళ్లీ వస్తాననలేదు.

* * *

కూడికకు సుబ్బలక్ష్మి ఒక్కతే వెళ్లింది. ఈసారి సందు మలుపు దగ్గర ఆగలేదు. అదే షామియానా, అదే వాకిలి. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పూల మధ్య ఫ్రేము కట్టిన ఫోటో ఉంది. వచ్చినవాళ్లందరూ దాని ముందు ఒక నిమిషం నిలబడుతున్నారు. కుటుంబమంతా ఎంత మంచిగ వచ్చింది అనుకుంటున్నారు. చెవి దగ్గర జుట్టు అతుకు సుబ్బలక్ష్మికి దూరం నుంచే కనబడుతోంది. ఇంకెవరికీ కనబడుతున్నట్టు లేదు.

రత్నాకర్ వచ్చి ఆమెకు కుర్చీ వేశాడు. మొన్న కోపంలో ఇంట్లో ఏదేదో అన్నానని నొచ్చుకున్నాడు.

"మెషిన్లతోటి గింతే అక్కా. మా ఆఫీసుల గూడ గిట్లనే అయితది. మీరు దిల్‌ల పెట్టుకోకుండ్రి. ఇంత కష్టపడి మల్ల మంచిగ చేసిచ్చిన్రు."

సుబ్బలక్ష్మి తలెత్తింది. బల్లకు అవతల పాటల పుస్తకాలు పంచుతున్న రాహేలు ఇటే చూస్తోంది.

"అవును తమ్ముడూ" అంది సుబ్బలక్ష్మి. "మిషనుతో అంతే."

రత్నాకర్ భార్య వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. చిన్న చెల్లెలు వచ్చి, మా అమ్మ మొఖం మళ్ల తెచ్చిచ్చినవక్కా అని చేతులు పట్టుకుని ఏడ్చింది. సుబ్బలక్ష్మి ఆ చేతుల్ని విడిపించుకోలేదు, పట్టుకోనూ లేదు. ప్రార్థన అయ్యేదాకా తన పాదాల వైపే చూస్తూ కూర్చుంది.

ప్రార్థన అయ్యాక భోజనాలకు బంతి వేశారు. రాహేలే వడ్డిస్తూ వస్తోంది. ఒక చేతిలో అన్నం గిన్నె, వెనక ఇంకెవరో కూరతో. వరసలో అందరికీ పెట్టుకుంటూ వచ్చి సుబ్బలక్ష్మి దగ్గర ఆగింది. గరిట గాల్లోనే ఉంది.

"తింటవా" అంది, మామూలుగా. "పండ్లు తెప్పియ్యాల్నా?"

ఆ గొంతులో వెటకారం లేదు. వాళ్లమ్మ కూడా బహుశా ఇలాగే ఆలోచించి, ఇలాగే డబ్బా మార్చి ఉంటుంది. సుబ్బలక్ష్మి విస్తరాకు ముందుకు జరిపింది. రాహేలు అన్నం పెట్టింది, చాలా అని అడిగి ఇంకొంచెం పెట్టింది. తర్వాత పక్కనున్న ఆవిడ దగ్గరికి వెళ్లి, నవ్వుతూ పలకరించింది.

సుబ్బలక్ష్మి కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఎదురుగా బల్ల మీద, ఫోటోలో, కుడివైపు కింది మూలలో అమృతమ్మ కళ్లు మూసుకుని ఉంది.